స్కానింగు రిపోర్టులో ఆఖరి లైను

పొట్టకి స్కానింగు చేయించుకున్న మనిషి ఒక్కరైనా లేని ఇల్లు ఈ రోజుల్లో మన వైపు ఉందంటారా? నాకైతే అనుమానమే. ఒకప్పుడు మా అచ్యుతాపురం వాళ్ళకి స్కానింగంటే విశాఖపట్నం ప్రయాణమే. ఇప్పుడు అనకాపల్లి దాకా వెళ్తే చాలు. పొద్దున్నే పరగడుపున వెళ్ళి, మధ్యాహ్నం భోజనం వేళకి రిపోర్టు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చేయొచ్చు. మంచిదే, కాదనను. కానీ నా ప్రశ్న వేరు. ఆ రిపోర్టు ఎవరు చదువుతున్నారు? మొత్తం చదువుతున్నారా, పై రెండు లైన్లేనా?

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేరు రాసుకుని బతికేవాణ్ణి. కాబట్టి ఇది వైద్య సలహా కాదు. కానీ ఒక సమాచారం ఎక్కడ పుట్టింది, ఎన్ని చేతులు మారింది, ఎక్కడ మాయమైపోయింది అని వెతకడం నా రోజువారీ పని. గాల్‌బ్లాడర్ క్యాన్సరు గురించి కొన్నాళ్ళుగా దొరికిందల్లా చదువుతూ ఉంటే నాకు అర్థమైంది ఏమిటంటే, చాలాసార్లు ఆ జబ్బు సంగతి స్కానింగులో కనబడుతూనే ఉంటుంది. కనబడినదాన్ని పట్టించుకునే బాధ్యతే ఎవరి మీదా ఉండదు.

కాస్త మొదట్నుంచీ చెబుతాను.

గాల్‌బ్లాడర్ అంటే పిత్తాశయం. లివర్ కింద అతుక్కుని వేలాడే చిన్న తిత్తి. పొడవు 7 నుంచి 10 సెంటీమీటర్లు. లివర్‌లో తయారైన పైత్యరసాన్ని దాచిపెట్టుకుని, నెయ్యీ నూనే ఉన్న తిండి కడుపులో పడగానే పేగులోకి వదలడం దాని పని. దాన్లో రాళ్ళు చేరడం మామూలే. రాళ్ళున్నవాళ్ళలో ఎక్కువమందికి జీవితాంతం ఏమీ కాదు కూడా. ఇక్కడ రెండు లెక్కలు కలిపేసుకుని జనం అనవసరంగా భయపడతారు. గాల్‌బ్లాడర్ క్యాన్సరు వచ్చినవాళ్ళని చూస్తే నూటికి 70-90 మందికి రాళ్ళుంటాయి. కానీ రాళ్ళున్నవాళ్ళని చూస్తే క్యాన్సరు వచ్చేది నూటికి సుమారు ఒకరికి. ఈ రెండూ ఒకటి కాదు. రాయి 3 సెంటీమీటర్లు దాటితేనో, 10 మిల్లీమీటర్లు దాటిన పాలిప్ ఉంటేనో ముప్పు పెరుగుతుంది. అందుకే అలాంటి వాళ్ళకి నొప్పి లేకపోయినా ఆపరేషను మంచిదంటారు.

ఈ క్యాన్సరుతో చిక్కేమిటంటే, మొదట్లో దీనికంటూ సొంత లక్షణం ఒక్కటీ లేదు. కుడిపక్క డొక్కలో బరువు, తిన్నాక ఉబ్బరం, తేన్పులు. మన భాషలో ఒకటే మాట, "గేసు". ఇంకో చిక్కు తిత్తి కట్టుబడిలోనే ఉంది. దాని గోడ చాలా పల్చన. పేగు గోడలో ఉండే పొరల్లో ఒకటి దీనికి అసలు లేనేలేదు. లివర్‌కి ఆనుకున్న వైపు పైపొర కూడా ఉండదు. అంటే లోపల పుట్టిన గడ్డకి లివర్ ఇంటి వెనక గుమ్మంలాంటిదన్నమాట. గడియ కూడా లేని గుమ్మం.

లోపలి పొరలోనే ఉండగా దొరికితే తిత్తి తీసేస్తే సరిపోతుంది. కండర పొరలోకి దిగితే పక్కనున్న లివర్ కొంత, చుట్టుపక్కల లింఫు గ్రంథులు కూడా తీయాలంటారు. పచ్చకామెర్లు వచ్చేదాకా ఆగితే చాలామందిలో ఆపరేషనుకి వీలుండదు, మిగిలేది ఎక్కువగా నెలల లెక్కే. అంటే మొత్తం వ్యవహారం కొన్ని మిల్లీమీటర్ల మీద నడుస్తుంది. ఆ మిల్లీమీటర్లని చూడగలిగేది బొమ్మ తీసే యంత్రమే.

గాల్‌బ్లాడర్‌ని మొట్టమొదట సరిగ్గా ఫొటో తీసింది 1924లో, అమెరికాలో గ్రాహం, కోల్ అనే ఇద్దరు సర్జన్లు. ఎక్స్‌రేలో కనబడే రసాయనాన్ని శరీరంలోకి పంపి, అది పైత్యరసంలో కలిశాక ఎక్స్‌రే తీశారు. అంత కష్టం ఎందుకంటే మామూలు ఎక్స్‌రేలో పిత్తాశయం రాళ్ళలో నూటికి 10-20 మాత్రమే కనబడతాయి. తర్వాత అల్ట్రాసౌండ్ వచ్చి ఆ తంతునంతా పక్కకి నెట్టేసింది. సూది లేదు, రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ. రాళ్ళు కనిపెట్టడంలో ఇప్పటికీ దానికి సాటి లేదు.

కానీ రాళ్ళు చూడ్డం వేరు, గోడ చూడ్డం వేరు. పరగడుపున ఉన్న మనిషికి గోడ మందం 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. మనవాళ్ళు ఏం చేస్తారంటే "టీయే కదా, టిఫినేం కాదుగా" అని పాలు పోసిన టీ తాగేసి వెళ్తారు. పాలల్లో కొవ్వు తగలగానే తిత్తి ముడుచుకుంటుంది, ముడుచుకున్న గోడ మందంగా కనబడుతుంది. 6 నుంచి 8 గంటలు ఏమీ తినొద్దనేది అందుకే. ఇంకో ఇబ్బంది, రాయి వెనకాల నీడ పడుతుంది. తిత్తి నిండా రాళ్ళుంటే ముందు గోడ, రాళ్ళ మెరుపు, ఆ వెనక చీకటి, అంతే కనబడేది. ఆ చీకట్లో ఏముందో అల్ట్రాసౌండ్ చెప్పలేదు.

క్యాన్సరు స్కానింగులో మూడు రకాలుగా కనబడుతుందట. తిత్తి మొత్తాన్నీ గడ్డ ఆక్రమించేయడం ఒకటి. ఇదే ఎక్కువ, అప్పటికి ఆలస్యం కూడా ఎక్కువే. తిత్తి లోపలికి మొలకలాగా పొడుచుకు రావడం రెండోది. గోడ ఒకచోటో మొత్తమో మందం కావడం మూడోది. రెండోదాన్ని ఒకోసారి అడుగున పేరుకున్న బురదలాంటి పైత్యం అనుకునే ప్రమాదముంది. అందుకే మంచి రేడియాలజిస్టు మనల్ని పక్కకి తిరగమంటాడు. తిరిగితే రాయి దొర్లుతుంది, బురద జారుతుంది, గడ్డ మాత్రం కదలదు. ఎంత తేలికైన పరీక్షో చూడండి.

అసలు తలనొప్పి మూడోదాంతోనే. గోడ మందం కావడానికి క్యాన్సరొక్కటే కారణం కాదు. రాళ్ళ ఒరిపిడికి వచ్చే వాపు, లివర్ జబ్బు, గుండె జబ్బు, ఇలా ఎన్నో ఉన్నాయి. క్జాంథోగ్రాన్యులోమేటస్ కోలిసిస్టైటిస్ అని నోరు తిరగని వాపు ఒకటుంది. అది సీటీలో కూడా అచ్చం క్యాన్సరులాగే కనబడి పెద్ద పెద్ద సర్జన్లనే తికమక పెడుతుంది. దాంతో రేడియాలజిస్టు గోడ మందంగా ఉంది, దీర్ఘకాలపు వాపు కావచ్చు, అని రాసి కింద ఆఖర్న ఇంకో లైను కలుపుతాడు. సీటీ స్కాన్ చేయిస్తే మంచిది, అని.

నేను చెప్పదల్చుకున్నదంతా ఆ ఆఖరి లైను గురించే.

మా మేనత్త సంగతి చెబుతాను. కొండకర్ల ఆవకి దగ్గర్లో ఊరు. యాభై ఐదేళ్ళ మనిషి, మందులంటే ఇష్టం లేని మనిషి. ఎప్పుడు ఫోన్ చేసినా "ఏట్రా నాన్నా, ఎలాగున్నావు, తిన్నావా" అనేదే గానీ తన ఒంటి సంగతి చెప్పేది కాదు. ఆవిడకి 2018లో స్కానింగు తీయించారు. తిత్తి నిండా రాళ్ళు, అడుగు భాగంలో ఒకచోట గోడ 6 మిల్లీమీటర్లు, కింద ఆఖర్న సీటీ స్కాన్ సలహా. అన్నీ రాసే ఉన్నాయి. రాసినాయన తన పని తను చేశాడు. కాగితం చూసిన చిన్న నర్సింగు హోములో మాత్రం "రాళ్ళున్నాయమ్మా, నొప్పొస్తే ఆపరేషను చూద్దాం" అని గేసు బిళ్ళలు రాసిచ్చారు. ఇంట్లో అందరికీ రాళ్ళన్న మాటే గుర్తుండిపోయింది.

ఎనిమిది నెలలకి కళ్ళు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లంటే మన ఊళ్ళల్లో మొదటి మజిలీ ఎక్కడో మీకు తెలుసు. పసరు మందు, ఉప్పూ కారం లేని పథ్యం, మూడు వారాలు. లివర్‌కి ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. గొట్టానికి అడ్డం పడి వచ్చే కామెర్లు తగ్గవు. ఒళ్ళంతా దురద, తెల్లటి విరేచనం, ముదురు రంగు మూత్రం ఉంటే అడ్డం ఏదో పడిందేమో అనుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. విశాఖపట్నంలో సీటీ తీసేటప్పటికి గడ్డ లివర్‌లోకి పాకిపోయి ఉంది. స్టెంటు వేశారు. నాలుగు నెలలు బతికింది.

దినకర్మలకి ఊరెళ్ళినప్పుడు ఆ మొదటి రిపోర్టు నా కంట పడింది. రేషను కార్డు, కరెంటు బిల్లులు పెట్టుకున్న ప్లాస్టిక్ సంచిలోనే ఉంది, మడత కూడా నలగకుండా. సీటీ చేయించమన్న లైను సంచిలోనే ఎనిమిది నెలలు కూర్చుంది. మా మావయ్యకి ఇంగ్లీషు రాదు. చదవాల్సినాయన చదవలేదు. ఆ సీటీ అప్పుడే తీసుంటే ఆవిడ బతికేదా? నేను చెప్పలేను, ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడు. కానీ ఒక అవకాశమంటూ ఉండేది. ఆ అవకాశాన్ని తీసేసింది టెక్నాలజీ లేకపోవడం కాదు.

మా సాఫ్ట్‌వేరులో దీన్ని పోలిన జబ్బొకటుంది. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ లాగ్ ఫైలులో హెచ్చరికలు రాసుకుంటూ పోతుంది. అన్నీ ఒకే గొంతుతో ఉంటే ఎవడూ చదవడు. సర్వరు పడిపోయాక వెతికితే మూడు వారాల ముందే అది మొత్తుకుని ఉంటుంది. అందుకే మేం వాటికి స్థాయిలు పెడతాం. ఇది ఊరికే సమాచారం, ఇది హెచ్చరిక, ఇది ప్రమాదం అని. ప్రమాదమైతే అర్ధరాత్రయినా సరే ఒక మనిషి ఫోను మోగుతుంది. అది తన పనే అని ఆ మనిషికి ముందే తెలుసు.

సరిగ్గా ఇలాంటి పనే గాల్‌బ్లాడర్‌కి కూడా చేశారు, అదీ మన దేశం డాక్టర్లు ముందుండి. 2022లో జీబీ-రాడ్స్ అనే పద్ధతి వచ్చింది. చండీగఢ్ పీజీఐ రేడియాలజిస్టులది దాన్లో పెద్ద పాత్ర. అల్ట్రాసౌండ్‌లో గోడ తీరుని బట్టి 0 నుంచి 5 దాకా అంకె వేస్తారు. 0 అంటే సరిగ్గా కనబళ్ళేదు, మళ్ళీ చూడాలి. 1 మామూలు. 2 ప్రమాదం లేనిది. 3 ఎటూ తేలనిది. 4, 5 వచ్చాయంటే క్యాన్సరు అనుమానం బలంగా ఉన్నట్టు. గోడ పొరలు విడివిడిగా కనబడుతున్నాయా, మందం ఒకచోటేనా మొత్తమా, లివర్‌కీ తిత్తికీ మధ్య గీత చెరిగిపోయిందా, ఇవీ చూసేవి. నాకు ఈ పద్ధతి నచ్చింది ఎందుకంటే, "గోడ మందంగా ఉంది" అన్న వాక్యాన్ని సంచిలో పెట్టేయొచ్చు, "4" అన్న అంకెని పెట్టేయడం కష్టం. మా మావయ్య కూడా "నాలుగంటే ఏటండీ" అని అడిగి ఉండేవాడు.

ఇహ మావాళ్ళ సంగతి. ఇంత చెప్పాక సాఫ్ట్‌వేరు మిత్రులు అడిగేది ఒకటే, "ఏఐ పెట్టేస్తే పోలా?" అని. పెట్టారు. 2022లో ఐఐటీ ఢిల్లీ, చండీగఢ్ పీజీఐ వాళ్ళు కలిసి జీబీసీనెట్ అనే మోడల్ తయారుచేశారు. 218 మంది రోగుల 1255 బొమ్మలతో దానికి నేర్పారు, ఆ బొమ్మల్ని బయట పరిశోధకులకీ ఇచ్చారు. వాళ్ళు గమనించింది భలే ఉంది. మామూలు మోడళ్ళు తిత్తిని వదిలేసి చుట్టూ ఉన్న నీడల్నీ చుక్కల్నీ చూసి మోసపోతున్నాయట. అందుకని ముందు తిత్తి ఎక్కడుందో వెతికి, ఆ భాగాన్నే చూసేలా చేశారు. నేర్పేటప్పుడు కూడా మొదట మసకబారిన బొమ్మలు చూపించి, తర్వాత తర్వాత స్పష్టంగా ఉన్నవి చూపించారు, పసిపిల్లల చూపు మెల్లిమెల్లిగా తేరుకున్నట్టు.

ఆ తర్వాత పీజీఐలోనే రోగుల మీద చేసిన అధ్యయనంలో ఇలాంటి మోడల్ క్యాన్సరున్నవాళ్ళలో నూటికి 92 మందిని పట్టుకుంది. లేనివాళ్ళలో నూటికి 74 మందిని లేదని సరిగ్గా చెప్పింది. అనుభవమున్న రేడియాలజిస్టులకి దీటుగా ఉందన్నారు. గొప్ప విషయమే. కానీ ఆ 74ని పట్టుకుని ఒక లెక్క వేసి చూడండి. పెద్దాసుపత్రికి వచ్చే వెయ్యిమందిలో 500 మందికి క్యాన్సరుందనుకుందాం. యంత్రం 460 మందిని సరిగ్గా పట్టుకుంటుంది, 130 మందిని ఊరికే అనుమానిస్తుంది. అలారం మోగిన ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా నిజంగా జబ్బున్నట్టే. అదే యంత్రాన్ని అనకాపల్లి స్కానింగు సెంటర్లో పెట్టి, రాళ్ళున్న వెయ్యిమందిలో 10 మందికి క్యాన్సరుందనుకోండి. తొమ్మిదిమందిని పట్టుకుంటుంది, దాంతోపాటు ఏమీ లేని 257 మందిని కూడా భయపెడుతుంది. అలారం మోగిన 30 మందిలో ఒక్కళ్ళకే నిజం. పది రోజుల్లో ఆ అలారాన్ని కూడా ఎవరూ పట్టించుకోరు. మళ్ళీ కథ మొదటికే.

యంత్రం అదే, బొమ్మ అదే, ఊరు మారితే అర్థం మారిపోయింది. మనిషి కంటికైనా ఇదే సూత్రం. గంగా పరీవాహకంలో, అంటే ఉత్తరప్రదేశ్, బీహార్, బెంగాల్, ఇటు అస్సాంలో ఈ క్యాన్సరు చాలా ఎక్కువ. ప్రపంచంలో చిలీ దేశం కూడా ఆ కోవలోదే. ఆడవాళ్ళకి మగవాళ్ళకంటే ఎక్కువ. దక్షిణాదిలో తక్కువ. పాట్నాలో గోడ మందం చూడగానే క్యాన్సరు గుర్తొచ్చే డాక్టరుకీ, మన దగ్గర రాళ్ళు గుర్తొచ్చే డాక్టరుకీ తేడా చదువులో లేదు, అలవాటులో ఉంది.

మరి అచ్యుతాపురం ఎక్కడుంది? పటంలో దక్షిణాదిలోనే. 2022లో జిల్లాలు విడగొట్టాక అనకాపల్లి జిల్లాలో. కానీ సెజ్ గేటు దగ్గర సాయంత్రం షిఫ్టు వదిలాక నిలబడి వినండి. ఒడియా, హిందీ, బెంగాలీ, అన్నీ వినబడతాయి. మందుల కంపెనీల్లోనూ కట్టుబడి పనుల్లోనూ ఎక్కడెక్కణ్ణుంచో వచ్చినవాళ్ళున్నారు. మనిషి బస మార్చినంత మాత్రాన చిన్నప్పట్నుంచీ మోసుకొచ్చిన ముప్పు మారదు. బీహారు నుంచి వచ్చిన నలభై ఏళ్ళావిడకి కుడి డొక్కలో నొప్పొస్తే, స్కానింగు సెంటర్లో రాసుకునేది పేరు, వయసు, ఎవరు పంపారు. ఎక్కడ పుట్టి పెరిగావమ్మా అని అడిగే గడి ఆ ఫారంలో నేనైతే చూళ్ళేదు. ఆ ఒక్క గడి చేర్చడానికి ఏఐ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

కొందరు చేతిలో పట్టే స్కానింగు మిషన్లు ఆశా కార్యకర్తలకి ఇచ్చేయాలంటారు. అది మన దేశంలో అంత తేలిక కాదు. ఆడపిల్లల్ని కడుపులోనే చంపకుండా 1994లో తెచ్చిన చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ మిషనూ రిజిస్టరు కావాలి, అర్హత ఉన్నవాళ్ళే వాడాలి, ఎక్కడపడితే అక్కడికి మోసుకెళ్ళకూడదు. ఆ చట్టం అవసరం నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టను. కాబట్టి ఉన్న సెంటర్ల రిపోర్టులనే సరిగ్గా వాడుకోవాలి.

పెద్దాసుపత్రి దూరమా అంటే అదీ లేదు. టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అగనంపూడిలోనే ఉంది, హైవే పక్కనే. అచ్యుతాపురంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి 2024 అక్టోబరులో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. భవనాలు వస్తాయి, మిషన్లూ వస్తాయి. కానీ బట్టల ఫ్యాక్టరీలో రోజుకూలి పోగొట్టుకుని మొదటి స్కానింగుకి వచ్చిన మనిషి, రెండోదానికి ఇంకో రోజుకూలి పోగొట్టుకుని రావాలంటే ఎందుకో ఆవిడకి తెలుగులో చెప్పేవాళ్ళుండాలి. వారం తర్వాత "సీటీ తీయించావా అమ్మా" అని ఒక ఫోను రావాలి. మొబైల్ రీచార్జి అయిపోతే నాలుగుసార్లు ఫోన్ చేసి గుర్తుచేసే దేశం మనది. ఇది చేయలేమా?

అందాకా మన చేతిలో ఉన్నవి మనం చేసుకుందాం. స్కానింగుకి నిజంగా పరగడుపున వెళ్ళండి, టీ కూడా వద్దు. గోడ మందం అని రాసి ఉంటే ఎన్ని మిల్లీమీటర్లు, ఒకచోటా మొత్తమా, తర్వాత ఏం చేయాలి అని అడగండి. సీటీయో ఎమ్మారైయో రాస్తే ఎప్పటిలోగా అని తేదీ అడగండి. ఆపరేషను చేసి తిత్తి తీసేస్తే, రాళ్ళు సీసాలో పోసి ఇచ్చారని సంతోషపడి వచ్చేయకండి. తీసిన తిత్తిని పరీక్షకి పంపారా, రిపోర్టు ఎప్పుడొస్తుంది అని అడగండి. రాళ్ళకని తీసిన తిత్తిలో ఎవరూ ఊహించని క్యాన్సరు బయటపడటం అరుదే గానీ లేకపోలేదు. తిత్తిని చెత్తబుట్టలో వేస్తే ఆ కబురు కూడా దాంతోనే పోతుంది. ఇంకో సంగతి, గడ్డ ఆపరేషనుకి వీలైనదిగా కనబడితే ముందే సూది పొడిచి ముక్క తీయడానికి సర్జన్లు సాధారణంగా ఒప్పుకోరు, లోపల చిందుతుందని భయం. అందుకే ఇక్కడ బొమ్మ చెప్పేదానికి అంత విలువ.

మీ బీరువాలోనో, ఊళ్ళో అమ్మావాళ్ళ ట్రంకు పెట్టెలోనో పాత స్కానింగు రిపోర్టులు ఉండే ఉంటాయి. తీరిక చూసుకుని బయటికి తీసి ఆఖరి లైను చదవండి. అర్థం కాకపోతే ఎవరైనా డాక్టర్ని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, ఏం పోయింది?